బరువు తగ్గిన బీథోవెన్

కుక్క ముఖ్యపాత్రగా తీసిన సినిమా ఒకటి బాగా ఆడిందంటే, దానికి రెండో భాగం తియ్యడం చిటికెలో పని అనిపిస్తుంది. కథానాయకుడు పారితోషికం పెంచమని అడగడు. కాల్షీట్ల గొడవ ఉండదు. కథ అంటారా, మళ్లీ అదే ఇల్లు, అవే పిల్లలు, అదే అల్లరి. హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థ 1992 ఏప్రిల్‌లో విడుదల చేసిన 'బీథోవెన్' ప్రపంచమంతటా కలిపి 14.7 కోట్ల డాలర్ల వరకూ రాబట్టింది. ఇరవై నెలలు గడిచేసరికి, 1993 క్రిస్మస్ సెలవుల ముందర, 'బీథోవెన్స్ సెకండ్' థియేటర్లలోకి దిగిపోయింది. అదీ 11.8 కోట్ల డాలర్ల దాకా తెచ్చింది. వ్యాపారం లెక్కన ఎవరూ నష్టపోలేదు. అయినా రెండూ వరసగా చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి దానిలో ఒక్క కుక్కే ఇల్లంతా నిండిపోయింది, రెండో దానిలో ఇన్ని కుక్కలున్నా ఇల్లు వెలితిగానే ఉంది. దర్శకుడు మారాడు, రచయిత మారాడు, నిజమే. కానీ అసలు కారణం అంతకంటే లోతుగా ఉంది. కుక్క సినిమాలో నవ్వు పుట్టేది ఆ కుక్క మనిషి నెత్తిన పెట్టే బరువులోంచి. సీక్వెల్ ఆ బరువుని మెల్లగా కిందికి దించేసి, ముద్దుని మాత్రం నాలుగింతలు చేసింది.

మొదటి సినిమా ఎలా పనిచేసిందో కాస్త దగ్గరగా చూడాలి. జార్జ్ న్యూటన్ గదుల్లో సువాసన కోసం చల్లే స్ప్రేలు తయారుచేసే చిన్న కంపెనీ యజమాని. శుభ్రమైన ఇల్లు, సర్దిన సోఫాలు, ఇస్త్రీ చెదరని చొక్కా అతని లోకం. అలాంటి ఇంట్లోకి దొంగల బారినుంచి తప్పించుకున్న ఓ సెయింట్ బెర్నార్డ్ పిల్ల దూరుతుంది. చిన్న కూతురు ఎమిలీ పియానో మీద బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి స్వరాలు వాయిస్తే అది మొరుగుతుంది, పేరు ఖాయమైపోతుంది. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఇంటిమీద పడుతుంది. మూతి నుంచి తీగలు తీగలుగా చొంగ. ఒళ్లంతా బురదతో వచ్చి పడకగదిలో దులుపుకుంటుంది. సువాసనలు అమ్ముకునే మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? మరోవైపు అదే కుక్క ఈతకొలనులో మునిగిపోతున్న ఎమిలీని కాపాడుతుంది, కొడుకు టెడ్‌ని బడిలో ఏడిపించే పోకిరీల్ని బెదరగొడుతుంది. తమాషా ఏమిటంటే అది చేసే మేళ్లేవీ జార్జ్ కంట పడవు. అతనికి కనిపించేవి పాడైన కార్పెట్, చిరిగిన సామాను. ప్రేక్షకుడికి మొత్తం తెలుసు, తండ్రికి సగమే తెలుసు. ఆ సందులోనే సినిమా అంతా నడుస్తుంది.

చివరికి ఓ దుర్మార్గపు పశువైద్యుడు, తుపాకీ తూటాల ప్రయోగానికి పెద్ద తలకాయ ఉన్న కుక్క కావలసి, బీథోవెన్ తనని కరిచిందని నాటకమాడి దాన్ని చంపించడానికి జార్జ్‌ని ఒప్పిస్తాడు. కుక్కని కార్లో ఎక్కించుకుని తీసుకెళ్తూ ఉంటే జార్జ్‌కి తన చిన్నతనం గుర్తొస్తుంది. తన తండ్రి కూడా ఇలాగే తన కుక్కని తీసుకెళ్లి చంపించాడు, ఆ కోపం ఎన్నాళ్లైనా పోలేదు. ఇప్పుడు తను తన పిల్లలకి అదే తండ్రి అవుతున్నాడు. హాస్య సినిమా మధ్యలో ఇంత బరువైన సన్నివేశాన్ని జార్జ్ వేషం వేసిన చార్లెస్ గ్రోడిన్ ఏడవకుండా, గొంతు పెంచకుండా చేసుకుపోయాడు. విసుగుని ఇంత సూక్ష్మంగా చూపించిన హాస్యనటులు అరుదు. కుక్క చొక్కామీద చొంగ కార్చినప్పుడు అతను అరవడు, ఒక్క క్షణం ఆగి ఎదురుగా శూన్యంలోకి చూస్తాడు, అంతే. అన్నట్టు, ఆ దుర్మార్గపు డాక్టర్ వేషం వేసిన డీన్ జోన్స్ అరవైల్లో, డెబ్బైల్లో డిస్నీ వారి పెంపుడు జంతువుల సినిమాల్లో మంచివాడి పాత్రలకి పెట్టింది పేరు. 1976లో వచ్చిన 'ద షాగీ డి.ఎ.' అనే కుక్క సీక్వెల్‌లో హీరో ఆయనే. అలాంటాయన్ని తెచ్చి కుక్కల పాలిట యముణ్ని చెయ్యడం కొంటె ఆలోచనే. రచయితల్లో ఒకరైన జాన్ హ్యూస్ అయితే ఈ సినిమాకి సొంత పేరు కూడా పెట్టుకోలేదు, 'కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో' నవలలోని నాయకుడి పేరు ఎడ్మండ్ డాంటేస్ తగిలించుకున్నాడు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, కుక్క సినిమాలో మారేది మనిషి. కుక్క మొదటి రీలులో ఎలా ఉందో చివరి రీలులోనూ అలాగే ఉంటుంది, ఒంట్లో పెరుగుతుందంతే. వద్దు వద్దన్న తండ్రి చివరికి దాని కోసం ప్రాణాలకి తెగించడమే కథ. మొదటి సినిమా అయిపోయేసరికి ఆ కథ కూడా అయిపోయింది. జార్జ్ కుక్కని ప్రేమించేశాడు. పెళ్లయిన జంటని మళ్లీ ప్రేమించుకోమంటే ఏం చేస్తారు? సీక్వెల్ రాసిన లెన్ బ్లమ్, దర్శకుడు రాడ్ డేనియల్ ముందున్న చిక్కు ఇదే. వాళ్లు వెతికిన దారి కుక్కకే పెళ్లి చెయ్యడం. బీథోవెన్‌కి మిస్సీ అనే ఆడ సెయింట్ బెర్నార్డ్ తారసపడుతుంది. మిస్సీ యజమాని దంపతులు విడాకుల గొడవలో ఉన్నారు, భార్య రెజీనా ఆ కుక్కని తన దగ్గర అట్టిపెట్టుకుని భర్త నుంచి డబ్బు గుంజాలని చూస్తోంది. మిస్సీకి నాలుగు పిల్లలు పుడతాయి. రెజీనా వాటిని వదిలించుకోబోతే, టెడ్, ఎమిలీ దొంగతనంగా ఇంటికి తెచ్చి నేలమాళిగలో దాస్తారు. తండ్రికి తెలిసిపోతుంది, మళ్లీ విసుక్కుంటాడు, మళ్లీ ఒప్పుకుంటాడు. ఆ రెండో 'మళ్లీ' దగ్గర సినిమా కుంటుపడింది. మొదటిసారి జార్జ్ ఒప్పుకోవడానికి సినిమా అంతా పట్టింది. ఈసారి ఓ సన్నివేశంలో తేలిపోయింది. అతను ఎలాగూ ఒప్పుకుంటాడని హాలులో కూర్చున్న ఐదేళ్ల పిల్లాడికీ తెలుసు, ఆ నటుడికీ తెలుసు.

ఒకే హాస్యాన్ని రెండు సినిమాలు ఎలా వాడుకున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మొదటి దానిలో జార్జ్ కంపెనీలో పెట్టుబడి పెడతామంటూ ఓ జంట ఇంటికి వస్తుంది. పైకి తియ్యటి మాటలు, లోపల వ్యాపారం కాజేసే ఎత్తు. పెరట్లో బల్ల దగ్గర కూర్చున్న వాళ్ల కుర్చీల కాళ్లకి బీథోవెన్ తన తాడు చుట్టేసి ఒక్కసారి పరుగందుకుంటుంది. కోటు వేసుకున్న పెద్దమనుషులు కుర్చీలతో సహా ఈడ్చుకుపోతారు. జార్జ్ మొహం చూడాలి అప్పుడు. చేతికొచ్చిన బేరం చెడిపోయిందన్న గుండెకోత ఒకపక్క, కుక్క నిజానికి తనని కాపాడిందన్న సంగతి తెలియని అమాయకత్వం ఒకపక్క. రెండో దానిలో పెద్దమ్మాయి రైస్‌ని ఓ కుర్రాడు గదిలో ఆపేసి ఇబ్బంది పెడుతుంటే, బయట వసారా స్తంభానికి కట్టేసి ఉన్న బీథోవెన్ ఆ స్తంభాన్నే లాగి పారేస్తుంది. వసారా కూలుతుంది, జనం నీళ్లలో పడతారు. లాగుడు అదే, లాగిన వస్తువు పెద్దది. కానీ ఆ ఇల్లు ఎవరిదో మనకి పట్టదు, ఆ నష్టం న్యూటన్ కుటుంబానికి తగలదు. కుర్చీ లాగితే ఒక మనిషి బతుకుతెరువు కదిలింది, ఇల్లు లాగితే కలప విరిగిందంతే. సీక్వెల్ మొత్తంలో నిజంగా కడుపుబ్బ నవ్వించే ఘట్టం జూలై నాలుగు ఉత్సవాల్లో యజమాని, పెంపుడు జంతువు కలిసి బర్గర్లు తినే పోటీ. ఇస్త్రీ చొక్కా జార్జ్ తన కుక్కతో కలిసి మూతి నిండా పూసుకుని తింటాడు. అక్కడ ఎందుకు నవ్వొచ్చింది? మనిషి కుక్క స్థాయికి దిగాడు కాబట్టి, శుభ్రత అనే తన పాత ప్రాణాన్ని వదిలేశాడు కాబట్టి. అంటే అక్కడ కూడా పనిచేసింది మనిషి మోసిన బరువే.

ఇక సినిమా చేసిన అసలు దాటవేత చివర్లో ఉంది. కొండ మీద వెంటాట, దుష్టులు నదిలో పడటం అయ్యాక కథ దాదాపు ఐదు నెలలు ముందుకి గెంతుతుంది. మిస్సీ తన పిల్లల్ని చూడటానికి వస్తుంది. మెట్ల మీంచి నాలుగు పిల్లలు దొర్లుకుంటూ దిగుతాయి, దాదాపు తల్లంత అయ్యాయి. అందరూ నవ్వుతారు, పాట వస్తుంది. ఆ ఐదు నెలల్లో ఏం జరిగిందో ఒక్కసారి ఊహించండి. ఎదిగిన మగ సెయింట్ బెర్నార్డ్ అరవై అయిదు నుంచి ఎనభై కిలోల దాకా తూగుతుంది. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గర మఠంలో, మంచులో చిక్కుకున్న బాటసారుల్ని వెతకడానికి సన్యాసులు పెంచిన జాతి అది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ నలభై మందికి పైగా మనుషుల్ని కాపాడిందని పేరున్న బారీ అనే కుక్క దేహాన్ని ఈనాటికీ బెర్న్ మ్యూజియంలో చూడవచ్చు. (మెడలో బ్రాందీ పీపా అనేది ఓ చిత్రకారుడి కల్పన. బొమ్మలో బాగుందని లోకం నమ్మేసింది.) అలాంటివి ఒకే ఇంట్లో బీథోవెన్‌తో కలిపి ఐదు. వాటి తిండి, వాటి మలమూత్రాలు, కొరికేసిన చెప్పులు, టీకాలు, డాక్టరు బిల్లు. మొదటి సినిమా బంగారు గని అనుకున్నది సరిగ్గా ఈ ఐదు నెలలే. రెండోది ఆ గని మీదుగా ఒక్క గెంతు వేసింది. పిల్లలు అర్ధరాత్రి లేచి కుక్కపిల్లలకి పాలు పట్టే ఘట్టాలు మాత్రం బాగుంటాయి. అవి బాగుండడం కూడా నా వాదనకే బలం, ఎందుకంటే సినిమాలో ఎవరైనా నిద్ర చెడగొట్టుకున్నది అక్కడే.

దీనికి ఎవరైనా చెప్పే మొదటి అభ్యంతరం ఏమిటంటే, ఇంత తర్కం ఎందుకు, కుక్క కనిపిస్తే చాలు కదా, దాని మొహంలోనే అన్నీ ఉన్నాయి కదా అని. ఆ మొహంలో నిజంగా ఏముందో తెలుసుకోవాలంటే కార్ల్ లూయిస్ మిల్లర్ అనే శిక్షకుడి పని చూడాలి. బీథోవెన్‌ని తీర్చిదిద్దింది ఆయనే. దానికి తొమ్మిదేళ్ల ముందు, 1983లో, స్టీఫెన్ కింగ్ నవల ఆధారంగా వచ్చిన 'కుజో' అనే భయానక చిత్రానికి కుక్కల్ని తయారుచేసింది కూడా ఆయనే. అదీ సెయింట్ బెర్నార్డే. పిచ్చెక్కి, కారులో చిక్కుకున్న తల్లీకొడుకుల మీద పడే కుక్క. చిత్రీకరణలో ఆ కుక్కలు ఇదంతా ఆటనుకుని సంతోషంగా తోక ఊపేస్తుంటే, తోక కనపడకుండా కాలికి కట్టేయాల్సి వచ్చిందట. జాతి అదే, శిక్షకుడు అదే, తోక ఊపు కూడా అదే. ఒకచోట చూసినవాళ్లు హడలిపోయారు, ఇంకోచోట ఇంటికి తెచ్చుకుందామనుకున్నారు. తేడా తెచ్చినవి వెలుతురు, కూర్పు, సంగీతం, అన్నిటికీ మించి ఎదుటి మనిషి మొహం. కుక్క చూసేది కెమెరా వెనకాల శిక్షకుడి చేతిలో ఉన్న ముక్క వైపు. ఆ చూపుకి ప్రేమ అనో, బాధ అనో అర్థం కట్టేది తర్వాతి షాట్‌లో గ్రోడిన్. ఆ మొహంలో అంతర్యుద్ధం తగ్గితే కుక్క మొహంలోనూ భావం తగ్గుతుంది.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. ఇది చిన్నపిల్లల సినిమా, పిల్లలకి కొత్తదనం అక్కర్లేదు, చెప్పిన కథే వందసార్లు చెప్పమంటారు. ఒప్పుకోవాల్సిందే. నాలుగు కుక్కపిల్లలు నేలమాళిగలో ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఏడేళ్ల పిల్లకి అంతకంటే కావలసింది లేదు, ఆ ఆనందాన్ని తీసిపారేసే హక్కు విమర్శకుడికి లేదు. కానీ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే కథల్ని గమనిస్తే, వాటిలో భయం కూడా ప్రతిసారీ అంతే బలంగా ఉంటుంది. సింహం బావి దగ్గరికి రాకపోతే కుందేలు కథ ఎవరు వింటారు? పిల్లలు కోరేది ఆ భయమూ ఆ విడుదలా మళ్లీ కావాలని. సీక్వెల్ విడుదలని ఉంచి భయాన్ని పలచన చేసింది. పశువైద్యుడి సూది స్థానంలో విడాకుల సొమ్ము వచ్చింది. డబ్బు కోసం పట్టుబట్టే రెజీనాగా డెబీ మజార్ ఎంత కసిగా నటించినా, ఆ ఇంట్లో ఎవరికీ ఆమె వల్ల రాత్రి నిద్ర పట్టని పరిస్థితి రాదు. పైగా దీన్ని అమ్మింది కుటుంబ చిత్రం అని. టికెట్టు కొని పక్కన కూర్చున్న తండ్రికి తెరమీద తన ప్రతినిధి జార్జే.

మిగతా కుక్క సీక్వెళ్లు ఇదే గోడని ఎలా దాటబోయాయో చూడటం సరదాగా ఉంటుంది. 'మార్లీ అండ్ మీ' (2008) చివర్లో ముసలి కుక్క చచ్చిపోతుంది. ముందుకి పోయే దారి లేక 2011లో వెనక్కి వెళ్లి దాని పసితనం మీద నేరుగా వీడియోకి ఓ సినిమా తీశారు, అందులో కుక్కలు మాట్లాడతాయి కూడా. అసలు సినిమాని కన్నీళ్లతో చూసినవాళ్లకి అది ఎంగిలి విస్తరిలా తోస్తుంది. 1997లో బాస్కెట్‌బాల్ ఆడిన 'ఎయిర్ బడ్' తర్వాతి భాగాల్లో అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్, బేస్‌బాల్, వాలీబాల్ ఆడేశాడు. ఆట మారింది, కుర్రాడి ఒంటరితనం అనే మొదటి కారణం మాత్రం మాయమైంది. వీటన్నిటిలో నిజాయితీగా జవాబు వెతికింది 'ఎ డాగ్స్ జర్నీ' (2019). మొదటి భాగంలోనే కుక్క జన్మజన్మకీ తన యజమానిని వెతుక్కుంటూ వస్తుంది. మనకి పునర్జన్మ కొత్త కాదు కాబట్టి అది వింతగా కూడా అనిపించదు. రెండో భాగంలో ఆ ముసలి యజమాని తన మనవరాలిని చూసుకొమ్మని కుక్కకి బాధ్యత అప్పగిస్తాడు. కన్నీళ్లు కాస్త పిండినమాట నిజమే గానీ, కొత్త మనిషి, కొత్త గాయం, కొత్త బరువు ఉన్నాయి. దగ్గర్లో ఉదాహరణ కావాలంటే, కన్నడంలో తీసి తెలుగులోనూ విడుదల చేసిన '777 చార్లీ' (2022) ఉంది. ఒంటరివాడైన ధర్మ ఇంట్లో ఆ లాబ్రడార్ చేసే రచ్చని, తర్వాత దాని జబ్బుని దర్శకుడు కిరణ్‌రాజ్ ఎక్కడా దాటవెయ్యలేదు. ప్రేక్షకుడు ఏడ్చింది కుక్క ముద్దుగా ఉన్నందుకు కాదు, దాని కోసం ధర్మ చేసినదంతా దగ్గరుండి చూసినందుకు.

హాస్య సినిమాకి ఇంత బాధ్యత అంటగట్టడం అన్యాయం కదా, అది పెంపకం మీద పాఠ్యపుస్తకం కాదు కదా అని ఇంకొకరు అనొచ్చు. నిజమే, పాఠం అక్కర్లేదు. కానీ తెరమీద దాచిన బరువు తెర దిగాక ఎవరో ఒకరి ఇంట్లో పడుతుంది. 1927 నుంచి 2004 దాకా కుక్కలు కనిపించిన 87 అమెరికన్ సినిమాల్ని, అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదు లెక్కల్ని కలిపి చూసిన ఓ పరిశోధన 2014లో వెలువడింది. సినిమా ప్రభావం ఒక జాతి గిరాకీ మీద పదేళ్ల వరకూ ఉండగలదని అందులో తేలింది. 1943 నాటి లాస్సీ సినిమా తర్వాత రెండేళ్లలో కోలీ జాతి నమోదులు నలభై శాతం పెరిగాయి. మన దగ్గర 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ ఏం చేసిందో హైదరాబాదు, విజయవాడ పెట్ షాపుల్ని అడిగితే చెబుతారు. చప్పిడి ముక్కుతో ఎండలో ఊపిరాడక రొప్పే ఆ జాతి మన వేసవికి పనికొచ్చేది కాదు. ఆల్ప్స్ మంచు కోసం ఒత్తు బొచ్చుతో పుట్టిన సెయింట్ బెర్నార్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి 'బీథోవెన్' చూసి ఇంటికొచ్చిన పిల్లాడు కుక్కని అడిగితే, తండ్రి ఆ చొంగనీ ఆ కార్పెట్‌నీ గుర్తు చెయ్యొచ్చు. రెండోది చూసి అడిగితే గుర్తు చెయ్యడానికి సినిమాలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇంతా అన్నాక సీక్వెల్‌కి దక్కాల్సిన మర్యాద దక్కాలి. డాలీ పార్టన్, జేమ్స్ ఇంగ్రామ్ కలిసి పాడిన దీని ప్రేమగీతం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. కుక్కల ప్రేమ కోసం కట్టిన పాటకి అది చిన్న గౌరవం కాదు. రాండీ ఎడెల్మన్ సంగీతం హాయిగా ఉంటుంది. గ్రోడిన్, అతని భార్యగా బానీ హంట్ ఉన్నంతసేపూ ఆ ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. దీని తర్వాత ఆ ఇద్దరూ తప్పుకున్నారు. 2000లో మూడో భాగం జార్జ్ తమ్ముడి కుటుంబంతో నేరుగా వీడియోకి వచ్చింది, ఆ తర్వాతవన్నీ అదే బాట. ఐదు దాకా అంకెలు వేసి ఆపేశారు గానీ సినిమాలు ఆపలేదు, 2014 నాటికి మొత్తం ఎనిమిది అయ్యాయి. అసలు బీథోవెన్ సింఫనీలే తొమ్మిది. కాబట్టి సెలవుల్లో పిల్లలతో కూర్చుని చూడాలనుకునేవాళ్లు మొదటిది తప్పకుండా చూడండి. తీరిక ఉంటే రెండోది బర్గర్ల పోటీ కోసం, కుక్కపిల్లలకి పాలు పట్టే రాత్రుల కోసం చూడండి. మూడు నుంచి ఎనిమిది దాకా చూడకపోయినా కొంపలేం మునగవు.